టేపు అవతలి కొస

ఇది నిజంగా జరిగింది. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట వినగానే నవ్వుతారని తెలుసు. నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలే, ఒప్పుకుంటాను. ఇది ఆ మిగతా సగంలోది. మా ఆవిడ మీద ఒట్టు వేద్దామంటే ఆమె ఊరుకోదు, అందుకని నా మీదే వేసుకుంటున్నాను. ఇందులో ఒక్క ముక్క కలిపి ఉంటే రేపు గనిలోకి దిగినవాణ్ణి మళ్లీ పైకి రాను. చాలా? చాలకపోతే లేచి పోవచ్చు. కానీ పోయేవాళ్లు ఇద్దరిద్దరు కలిసి పోండి.

మాది మార్కాపురం పక్కన పల్లె. పలకల గనిలో పని. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలకో అక్షరాలు దిద్దించిన పలక మా నేలలోదే. నాకు మాత్రం దిద్దించలేకపోయింది. ఐదో తరగతిలో దాన్ని చేతిలోంచి దించి, ఆ తర్వాత నెత్తికెత్తుకున్నాను. అప్పటి నుంచి మోస్తూనే ఉన్నాను.

మా గనిలో మేట్ పని చేసే పెద్దాయన మోకాళ్లు పోయి మానేశాడు. మేట్ అంటే పొద్దున అందరికంటే ముందు దిగి, గోడలు చూసి, ఎవరు ఎక్కడ పని చేయాలో, ఎక్కడ చేయకూడదో చెప్పే మనిషి. ఆ పనికి సర్టిఫికెట్ కావాలి. ఓనరు నన్నూ మా బావ గాలెయ్యనూ పిలిచి, ఊళ్లో శిక్షణ పెడుతున్నారు, పోయి కూర్చోండి, పాసైనవాడు మేట్, ఇద్దరూ తప్పితే గిద్దలూరు వైపు నుంచి ఎవరినో తెచ్చుకుంటానన్నాడు. గాలెయ్య మా ఆవిడ రమణమ్మకు అన్న. నాకంటే రెండు తరగతులు ఎక్కువ చదివాడు. ఆ రెండు తరగతుల సంగతి నాకు రోజూ గుర్తు చేస్తుంటాడు.

శిక్షణ ఒక కల్యాణమండపం మేడ మీద. కింద ఎవరిదో పెళ్లి, పైన మా గని. మేళం మోగుతుంటే సార్ బోర్డు మీద గుంత బొమ్మ గీసేవాడు. రిటైరైన మైనింగ్ ఇంజనీరు. మంచి మనిషి. మా మొహాలు చూసి కూడా విసుక్కోలేదు.

"గని నడపడమంటే తవ్వడం కాదయ్యా," అనేవాడు. "రేపు ఎక్కడ తవ్వుతావు, ఆ చెత్తరాయి ఎక్కడ పోస్తావు, వాన పడితే నీళ్లు ఎటు పోతాయి, మనుషులు ఎక్కడ కూర్చుంటారు... ఇవన్నీ ఇవాళే తెలిసి ఉండటం. దాన్నే ప్లానింగ్ అంటారు."

"సార్, మా ఆవిడకు ఇదంతా పుట్టుకతోనే వచ్చు సార్," అన్నాను. "రేపు నేను ఎక్కడ తిట్లు తినాలో ఇవాళే రాసిపెట్టుకుంటుంది."

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు. తర్వాత, "ఆమెను పంపు, నువ్వు ఇంట్లో ఉండు," అన్నాడు. మొదటిసారి ఒక చదువుకున్న మనిషి నాకు మాటకు మాట ఇచ్చాడు. ఆ రోజు నుంచి బుద్ధిగా విన్నాను.

ఆఖరి పని ఏమిటంటే, ఇద్దరిద్దరు కలిసి తమ గనికి ప్లాను గీయాలి. మాకు సార్ ప్రత్యేకంగా ఒకటి చెప్పాడు. మా గనిలో ఆడవాళ్లు పలకలు కోసే పాక పాతబడింది, కొత్తది వేయాలి. అది ఎక్కడ వేయాలో మేం చూపించాలి. గోడ ఎత్తు కొలవండి, ఒకచోట కాదు, మూడు చోట్ల కొలవండి, గోడ ఎంత ఎత్తుంటే కనీసం అంత దూరం వదిలి పాక వేయండి, అన్నాడు. ఇది మధ్యాహ్నం భోజనాల తర్వాతి క్లాసు. కింద పెళ్లివాళ్లు మాకూ విస్తరి వేశారు. గాలెయ్య ఆ క్లాసంతా కళ్లు తెరుచుకునే నిద్రపోయాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఓనరు మాకు అప్పటికే చెవిలో వేసి ఉన్నాడు. పాక ఉత్తరపు గోడ మూలలో వేస్తే బాగుంటుందని. రాయి అక్కడే వస్తోంది, మోసే దూరం తగ్గుతుంది. పైగా ఈశాన్యమట, వాస్తుకు మంచిదట. గనికి వాస్తు చూస్తే ముందు ఆ గుంతే ఉండకూడదు. ఆ మాట ఓనరుతో అనలేదు లెండి. మేట్ పని కావాలి కదా.

మీకు కోపం రాకపోతే ఇంకొక్క సంగతి చెప్పి గనిలోకి తీసుకుపోతాను. మా గనిలో కింది నుంచి పైకి అరవరు. నాలుగు గోడలకు మాట తగిలి ముక్కలై ఎటు నుంచో వస్తుంది. వెనకటికి గంపల్లో రాయి పైకి లాగే రోజుల్లో తాడుతోనే మాట్లాడుకునేవారు. రెండుసార్లు గుంజితే, సరే, పట్టుకున్నానని. ఒక్కసారి బిగించి, వదలకుండా అట్లాగే పట్టుకుంటే... కింద ఉండొద్దు, పక్కకు తప్పుకో అని. ఇప్పుడు క్రేను వచ్చింది. తాడు పోయింది. అలవాటు పోలేదు. నీళ్ల పైపు పట్టుకున్నా, కరెంటు తీగ పట్టుకున్నా మా చేతులు అదే భాష మాట్లాడతాయి.

క్లాసు వదిలేసరికి సాయంత్రమైంది. మర్నాడు పొద్దున ప్లాను ఇవ్వాలి. బండి మీద గనికి పోయేసరికి పనివాళ్లంతా వెళ్లిపోయారు. చలికాలం... పొద్దు చప్పున కుంగిపోయింది. దానికి తోడు కరెంటు లేదు. కాపలా ఉండే పీరయ్య తాత ఒక్కడే పైన తన గుడిసె ముందు మంట వేసుకుని కూర్చున్నాడు.

"ఈ చీకట్లో ఏం కొలుస్తార్రా?" అన్నాడు.

"నీ ఆయుష్షు కొలుద్దామని వచ్చినాం తాతా. టేపు చాలుద్దో లేదో."

"చాలదులే. నీ నోరు కొలుచుకో, సరిపోతది."

గాలెయ్య టేపు రింగు పట్టుకుని పైన గోడ అంచున నిలబడ్డాడు. నేను టేపు చుట్ట పట్టుకుని, దారెంట తిరిగి కిందికి దిగాను.

రాత్రి పూట గని ఎప్పుడైనా చూశారా? పగలు దుమ్ము, మోత, తిట్లు, పాటలు. రాత్రి... ఏమీ ఉండదు. చెవిలో దూది పెట్టినట్టు ఉంటుంది. అడుగు వేస్తే కాలి కింద పలక ముక్కలు టిక్... టిక్... అని విరుగుతాయి. ఆగితే అవీ ఆగుతాయి. అడుగున మురికి నీళ్లు, వాటిలో ఆకాశంలోని నాలుగు చుక్కలు. భయమేమీ లేదు. అది నా ఇల్లులాంటిది. భయం లేదని ఎందుకు చెబుతున్నానంటే, భయపడినవాడికి ఏవేవో కనిపిస్తాయంటారు. నాకు ఏమీ కనిపించలేదు. కనిపించి ఉంటే బాగుండేది.

మొదటి చోటు దారి పక్కనే. ఫోను లైటు నోట్లో పెట్టుకుని టేపు పట్టుకున్నాను. తెల్లటి పట్టీ గోడ వెంట పైకి పోయి, పోయి... చీకట్లో కలిసిపోయింది. లైటు అంచు దాకా పోవడం లేదు. రెండుసార్లు గుంజాను. పై నుంచి రెండు గుంజుళ్లు. కొలత చూసి బొగ్గుతో రాతి మీద గీశాను.

రెండో చోటికి నడిచాను. నేను కింద నడుస్తుంటే పైన టేపు కూడా నాతో పాటు అంచు వెంట జరిగింది. సర్... సర్... అని. సన్నటి పొడి మెడ మీద రాలింది. బాగానే పని చేస్తున్నాడే మా బావ అనుకున్నాను. ఆగాను. పైనా ఆగింది. రెండు గుంజాను. రెండు వచ్చాయి. కాస్త మెల్లగా వచ్చాయి. అంతే.

నాకు నోరు దురద పుట్టింది. అరిస్తే మాట ముక్కలవుతుందని తెలుసు, అయినా ఫోను నోట్లోంచి తీసి, మెల్లగా పైకి చూసి అన్నాను. "ఏం బావా, క్లాసులో నీ గురక విని పెళ్లివాళ్లు మేళం ఆపించుకున్నారంట కదా. ఇంకో సన్నాయి దేనికీ అని."

జవాబు లేదు.

"ఏడో తరగతి వాళ్లు ఐదో తరగతి వాళ్లతో మాట్లాడరా ఏంది?"

జవాబు లేదు.

ఇక్కడ... ఇక్కడ నాకు మొదటిసారి వీపు మీద చల్లగా అనిపించింది. మీకు అర్థం కాకపోవచ్చు. గాలెయ్య మీకు తెలియదు. వాడు అన్నం మింగకుండా ఉంటాడు గానీ మాట మింగడు. జ్వరంతో పడుకుని ఉన్నా నేనొకటంటే లేచి రెండు అని మళ్లీ పడుకుంటాడు. అటువంటివాడు ఊరుకున్నాడంటే...

అలిగాడులే అనుకున్నాను. నడిచాను. మూడో చోటు, మూల. ఓనరు పాక వేయమన్న చోటు.

నేను నడిచాను. పైన టేపు రాలేదు.

ఇంకో నాలుగడుగులు. టేపు ఏటవాలుగా సాగింది. పైన కొస వెనకే ఆగిపోయింది. రమ్మని గుంజాను. రాలేదు. మళ్లీ గుంజాను. పొడి రాలింది... ఆగింది. ఎక్కడా గాలి లేదు. నీళ్లలో చుక్కలు కదలడం లేదు.

అప్పుడు టేపు బిగిసింది.

ఒక్కసారిగా కాదు. మెల్లగా... పసిపిల్లవాడు నిద్రలో వేలు పట్టుకుని బిగిస్తాడే, అట్లా. నా చేతిలో చుట్ట కొంచెం ముందుకు జరిగింది. నేను పట్టుకున్నాను. అది పట్టుకుంది. వదలడం లేదు. సన్నగా 'జుం...' అని మోత. తీగ మీద వేలు పెట్టినప్పుడు వస్తుందే, ఆ మోత. అది నా మోచేతి దాకా తెలుస్తోంది.

బిగించి వదలకపోతే ఏమిటి అర్థం? చెప్పాను కదా.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లైటు ఎప్పుడో జారిపోయింది. అది కింద పడి రాళ్లకు వెలుగిస్తోంది. అప్పుడు వినిపించింది... అడుగుల చప్పుడు. పై నుంచి కాదు. నా వెనక నుంచి. దారి వైపు నుంచి. టిక్... టిక్... టిక్...

తిరిగి చూడలేదు. మెడ తిరగలేదు.

"బావా! ఇంకా ఇక్కడేం చేస్తాన్నావు? టీ చల్లారిపోతాంది."

గాలెయ్య. ఒక చేతిలో లైటు. ఒక చేతిలో టీ గ్లాసు.

నేను వాడి చేతులు చూశాను. రెండూ ఉన్నాయి. రెండింటిలోనూ టేపు లేదు. నా చేతిలో టేపు... ఇంకా బిగిసే ఉంది.

"పైన ఎవురున్నారు బావా?" అన్నాను.

"ఎవురుంటారు? నేనూ తాతా గుడిసె కాడ టీ తాగతాన్నాం. నువ్వు రాకపోతే తెచ్చినా."

"కొలత మధ్యలో పోయినావా?"

"మధ్యలో ఏంది? ఒక కొలతే కదా. నువ్వు గుంజినావు, నేను గుంజినా. అయిపోయింది. రింగు రాయి కింద పెట్టి పోయినా."

"మూడు చోట్ల అన్నాడు కదా సారు!"

"ఎప్పుడన్నాడు?"

నిద్రపోయాడని చెప్పాను కదా.

టేపు చూపించాను. గాలెయ్య గ్లాసు కింద పెట్టి, నవ్వుకుంటూ వచ్చి, నా చేతి పక్కన తన చెయ్యి వేశాడు. నవ్వు సగంలో ఆగింది.

"ఎవురో పట్టుకున్నట్టుంది కదా..." అన్నాడు, మెల్లగా.

ఆ మాట అనగానే వదిలేసింది. పైన చిన్న చప్పుడు. టేపు వదులై, మడతలు మడతలుగా కిందికి జారి, రింగు మా కాళ్ల ముందు పలకల మీద పడింది. టంగ్... అని. దాన్ని తీశాను. ఆ చలిలో ఇనుము మంచులా ఉండాలి. వెచ్చగా ఉంది. గుప్పిట్లో చాలాసేపు పట్టుకుంటే ఉండే వెచ్చదనం. గాలెయ్యకు ఇచ్చాను. పట్టుకున్నాడు. జేబులో వేసుకోబోయి, మళ్లీ నాకే ఇచ్చేశాడు.

పైకి పోయి చూశాం. గాలెయ్య పెట్టిన రాయి మొదటి చోటే ఉంది. కదల్లేదు. అంచు వెంట లైటు వేసుకుంటూ మూల దాకా పోయాం. ఎవరూ లేరు. పలక ముక్కల మీద అడుగుల జాడలు పడవు, కాబట్టి ఆ సంగతి అడగొద్దు. పీరయ్య తాతను అడిగాను, ఇటు ఎవరైనా వచ్చారా అని.

"మీరిద్దరే. మీరు చాలరా?" అన్నాడు. మళ్లీ తనే, "రాత్రిపూట అంచు వెంట చప్పుడు నాక్కూడా వినపడతది అప్పుడప్పుడు. నక్క అనుకుంటా. నక్కే అనుకోండి, నిద్ర పడతది," అని మంట ఎగదోశాడు.

నక్క టేపు పట్టుకోదు తాతా అందామనుకున్నాను. ఆ రాత్రి నాకు జోకు రాలేదు.

ఇంటికి పోతే రమణమ్మ అన్నం పెట్టింది. జరిగింది చెప్పాను. సగం విని, "మళ్లీ మొదలుపెట్టినాడు," అంది. గాలెయ్య తలుపు దగ్గరే నిలబడి, "లేదమ్మా, నేనూ పట్టుకున్నా," అన్నాడు. అప్పుడు ఆమె గరిటె కింద పెట్టింది.

"మన గనిలో ఇంతవరకూ ఎవురూ పోలేదు కదా," అన్నాను, ధైర్యం కోసం. నిజం అది. వేళ్లు నలిగాయి, కాళ్లు విరిగాయి, ప్రాణం మాత్రం ఎవరిదీ పోలేదు. "ఎవురూ చావని గనిలో దయ్యం ఎవురిది మే?"

రమణమ్మ గరిటె మళ్లీ అందుకుంది. చాలా మామూలుగా, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అంది.

"ఇంకా చావాల్సినోళ్లదేమో."

పాకలో కూర్చుని పలకలు కోసేవాళ్లలో ఆమె కూడా ఒకతి. చెప్పడం మరిచాను.

పొద్దున ప్లాను ఇచ్చాం. పాక గనికి అవతల, దారి మొదట్లో గీశాను. సార్ చూసి, "మూడో కొలత ఏది?" అన్నాడు.

"మూలలో టేపు అందలేదు సార్."

"అందకపోవడమేమిటి, టేపు చిన్నదా?"

"లేదు సార్... అవతలి కొస రాలేదు."

సార్ నా మొహంలోకి చూశాడు. నేను నవ్వడం లేదని గమనించినట్టున్నాడు. "కొలవలేని చోట మనిషిని కూర్చోబెట్టకూడదు. సరిగ్గానే గీశావు," అని సంతకం పెట్టాడు. అట్లా నేను మేట్ అయ్యాను. గాలెయ్యా పాసయ్యాడు గానీ, "రాత్రిపూట నన్ను పిలవనంటే ఆ పని నువ్వే చేసుకో బావా," అన్నాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మీరు ఎదురుచూస్తున్నది నాకు తెలుసు. ఆ మూల గోడ కూలిందా అని. కూలలేదు. ఇప్పటికీ దున్నపోతులా నిలబడి ఉంది. రెండు వానాకాలాలు పోయాయి. ఒక్క పెచ్చు రాల్లేదు. రోజూ పొద్దున గడ్డపారతో కొట్టి చూస్తాను. ఖంగుమంటుంది. ఆరోగ్యంగా ఉన్న రాయి చేసే చప్పుడు. ఆడవాళ్లేమో ఆ మూల నుంచి దారి మొదటి దాకా రాయి మోసి మోసి నన్ను తిడుతున్నారు. అందరికంటే గట్టిగా నా పెళ్లామే తిడుతుంది.

"గోడ కాడికి పోయి దండం పెట్టుకోవయ్యా, పడు తల్లీ అని! మా నడుములు పడిపోయేట్టున్నాయి!"

అది నన్ను కాపాడడానికి పట్టుకుందంటే గోడ పడాలి కదా. పడలేదు. వేళాకోళానికి పట్టుకుందంటే... ఈ చుట్టుపక్కల నాకంటే పెద్ద వేళాకోళగాడు ఇంకొకడున్నాడన్నమాట. ఆ రెండోదే నాకు ఎక్కువ బాధ.

మొన్న ఓనరు వచ్చాడు. వానలకు ముందే పాక మూలలోకి మార్చేద్దాం, మేట్‌వి నువ్వు, సరేనను చాలు, అన్నాడు. గోడ ఎత్తంత దూరం వదిలే వేద్దామంటున్నాడు, ఇక చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. గోడ మంచిది. కొలత ఒక్కటే బాకీ. రేపు చెబుతానన్నాను.

ఆ సాయంత్రం అందరూ పోయాక దిగాను. ఇంకా వెలుతురు ఉంది. ఈసారి గాలెయ్యను కింద నా పక్కనే నిలబెట్టుకున్నాను. రమణమ్మ కూడా వచ్చి కొంగు నడుముకు చుట్టుకుని దారి దగ్గర నిలబడింది. రింగు నేనే పైన మూల అంచున, సరిగ్గా పాకకు ఎదురుగా వచ్చే చోట, రాయి కింద పెట్టి వచ్చాను. పైన ఎవరూ లేరు. ముగ్గురం చూస్తున్నాం. అంచు ఖాళీ. దాని మీద ఆకాశం.

"కొలువు మరి," అంది రమణమ్మ.

కొలిచాను. కొలత బాగానే వచ్చింది. మనసు తేలికైంది. ఉత్తపుణ్యానికి, అలవాటు కొద్దీ... రెండుసార్లు గుంజాను.

ఏమీ రాలేదు.

"చూసినావా? ఏం లేదు," అని గాలెయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. నేనూ నవ్వాను. టేపు చుట్టడానికి పిడి తిప్పాను. ఒక చుట్టు వచ్చింది. రెండో చుట్టుకు ఆగింది. రాయి బరువుగా పెట్టి ఉంటాను. ఇంకొంచెం లాగాను. టేపు బిగిసింది. వదిలేసి చూశాను, వదులవుతుందని. రాయి కింద ఉన్నదైతే నేను వదిలితే వదులవ్వాలి కదా...

రమణమ్మ టేపు చూసింది. అంచు చూసింది. నా మొహం చూసింది. ఆ తర్వాత కొంగు విప్పి సర్దుకుని, వెనక్కి తిరిగి దారెక్కుతూ అంది.

"పాక ఉన్నకాడే ఉండనీ. మోసుకుంటాంలే."

ఓనరుకు అదే చెప్పాను. కారణం అడిగితే కొలత కుదరలేదన్నాను. ఆ టేపు ఇంకా అక్కడే వేలాడుతోంది. తెచ్చుకోవడానికి నేను పోలేదు. గాలి వీచినప్పుడు అది ఊగాలి కదా... రోజూ పొద్దున గోడలు చూడ్డానికి దిగినప్పుడు చూస్తుంటాను.

ఊగదు.